నాలుగో అంతస్తు నీళ్ళు

హాస్టల్ పంపు గది
జూన్ 9

బావా,

నువ్వు ఇప్పించిన ఉద్యోగంలో చేరి వారమైంది. ముందే రాయాల్సింది, కానీ ఇక్కడ కాలు పెట్టానో లేదో అందరికీ నాతో పని పడింది. కుళాయి కారినా నేనే, తలుపు కిర్రుమన్నా నేనే. నిన్న వార్డెన్‌గారి గదిలో గోడ గడియారం ఆగిపోతే దానికీ నన్నే పిలిచింది. "నేను నీళ్ళ మనిషినండీ" అంటే, "అయితే ఏం, అది కూడా తిరిగేదేగా" అంది. నీకు ఫోన్ చేద్దామంటే మీ సైటులో ఉన్న ఒక్క ఫోనూ ఇంజనీరు బల్ల మీదే ఉంటుందనీ, మాట్లాడుతుంటే అందరూ చెవులు రిక్కించుకుని వింటారనీ అక్క చెప్పింది. అందుకే ఉత్తరం. నా రాత చూసి నవ్వకు. నువ్వు నాకు పైపు మరలు తిప్పడం నేర్పావు గానీ కలం పట్టడం నేర్పలేదు.

రెండేళ్ళ కిందట మన చేతులతో వేసిన పైపుల కిందే ఇప్పుడు కాపలా ఉండడం భలేగా ఉంది బావా. పంపు గది గోడ మీద నువ్వు బొగ్గుతో రాసిన కొలతలు ఇంకా చెరగలేదు. నాలుగు అంతస్తులు, అంతస్తుకి యాభై మంది ఆడపిల్లలు, అందరూ నర్సు చదువుకి వచ్చినవాళ్ళే. ఎక్కడ తలెత్తినా సీలింగులో మన స్ప్రింక్లర్లు వరసగా కనిపిస్తాయి. మొన్న కొత్త పిల్లల్ని కూర్చోబెట్టి వాటి గురించి నాలుగు ముక్కలు చెప్పమంది వార్డెన్. నాకు చెమటలు పట్టాయి గానీ చెప్పాను. "ఈ ఇత్తడి ముక్కలో సన్న గాజుగొట్టం ఉంది, అందులో ఎర్ర మందు. గదిలో మంట లేస్తే ఆ వేడికి గొట్టం పగులుతుంది. వెనక పైపులో కాచుకుని ఉన్న నీళ్ళు ఒక్కసారిగా కిందికి దూకుతాయి. ఎవరూ మీట నొక్కక్కర్లేదు. మీరు నిద్రలో ఉన్నా అది మేలుకునే ఉంటుంది" అన్నాను. ఒక పిల్ల చెయ్యెత్తి, దానికి తాడు కట్టి తడిబట్టలు ఆరేసుకోవచ్చా అనడిగింది. ఎవరో అనుకునేవు, నీ కూతురే.

దానికి నాలుగో అంతస్తులో మూల గది ఇచ్చారు. గాలీ వెలుతురూ బాగుంటాయి. రోజూ మధ్యాహ్నం "మామయ్యా" అంటూ పంపు గదికి దిగి వచ్చి నా అన్నం డబ్బా సగం ఖాళీ చేసి పోతోంది. నువ్వూ అక్కా దాని గురించి దిగులు పెట్టుకోకండి. నేనున్నాను, నీ పైపులున్నాయి.

నీ బక్కోడు


కొత్త సైటు, రేకుల షెడ్డు
జూన్ 21

ఒరే బక్కోడా,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. గడియారం సంగతికి మా వెల్డరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇక్కడ పని జోరుగా ఉంది. పదకొండు అంతస్తులు. ఫోర్‌మన్‌ని గదా, పచ్చ టోపీ పోయి తెల్ల టోపీ వచ్చింది. టోపీ మారింది గానీ బుర్ర అదేనంటుంది మీ అక్క.

నీకో మాట. వారానికోసారి పంపుని పది నిమిషాలు తిప్పు. నీళ్ళ ఒత్తిడి చూపించే గేజి ముల్లు ఏడు దగ్గర నిలబడిందంటే లైనంతా క్షేమమని లెక్క. అంతకుమించి పనిగట్టుకుని కుళాయిలు విప్పడం, పరీక్షలు చెయ్యడం పెట్టుకోకు. నాలుగు చుక్కలు కారితే ఆ వార్డెన్ నీ నెత్తినెక్కి కూర్చుంటుంది.

ఇంకోటి. పిల్లని రెండో అంతస్తుకి మార్పించు. దానికి చిన్నప్పట్నుంచీ మోకాళ్ళు బలహీనం. రోజుకి పదిసార్లు నాలుగంతస్తులు ఎక్కీ దిగీ ఇక చదువేం చదువుతుంది. నేను చెప్పానని మాత్రం దానితో అనకు, నాన్న ఇంకా పసిపిల్లలా చూస్తున్నాడని అలుగుతుంది. నువ్వే ఏదో ఒకటి చెప్పి జరిపించు. గడియారం డాక్టరువి గదా, నీ మాట వార్డెన్ వింటుంది. ఆలస్యం చెయ్యకు.

బావ


హాస్టల్ పంపు గది
జూలై 14

బావా,

నువ్వు చెప్పిన పని అయింది. మోకాళ్ళ ఊసెత్తకుండా, పైన నీళ్ళ ట్యాంకు చప్పుడుకి పిల్లకి నిద్ర పట్టడం లేదని వార్డెన్‌కి చెప్పాను. నీ కూతురు మొహం ముడుచుకుంది, కానీ మామయ్య మాట కాదనలేక దిగింది. దాని మంచం తీసుకోవడానికి రెండో అంతస్తులో ఒక పిల్ల ఎగిరి గంతేసింది. పాపం కింద దాని గదిలో కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. పైకి వెళ్ళిన రోజు నుంచీ ఎప్పుడు చూసినా కిటికీ దగ్గరే. అందరూ దాన్ని కిటికీ పిల్ల అంటున్నారు. మారిన రోజు ఇద్దరి పెట్టెలూ ఆ పిల్లే మోసింది, ఒకటి నెత్తి మీద, ఒకటి చేత్తో. నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఇంకో సంగతి. నువ్వు వద్దన్నావు గానీ నా ప్రాణం ఊరుకోలేదు. గేజిని చూసి మురిసిపోకు, కుళాయి విప్పి చూడు అని నేర్పింది నువ్వే గదా. ప్రతి అంతస్తులో లైను చివర పరీక్ష కుళాయి ఉంది గదా, ఒక్కొక్కటే విప్పాను. మొదటి మూడు అంతస్తుల్లోనూ బకెట్టు నిండేలోపే, లైన్లో నీళ్ళు కదిలితే మోగే గంట కింద మోగింది. పిల్లలంతా చెవులు మూసుకుని పరిగెత్తారు. నాలుగో దాంట్లో మాత్రం ఏమీ రాలేదు. చుక్క లేదు, గాలి చప్పుడు కూడా లేదు. మెట్ల దగ్గర గేజి చూస్తే ఏడు చూపిస్తోంది. ఎక్కడో అడ్డం పడి ఉంటుందంటావా? రెండేళ్ళ కిందట నాలుగో అంతస్తు పరీక్ష చేసింది నువ్వే గదా, అప్పుడు ఎలా వచ్చింది?

నీ బక్కోడు


కొత్త సైటు, రేకుల షెడ్డు
జూలై 30

బక్కోడా,

వద్దన్న పని చెయ్యడం నీకు మొదట్నుంచీ ఉన్నదే. ఆ కుళాయిలో చెత్త పడి ఉంటుంది. మరలకి చుట్టిన తెల్ల టేపు ముక్క ఊడి అడ్డం పడ్డా చాలు, చుక్క రాదు. నేను చూసినప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది. ఇక దాన్ని కెలక్కు. మర విరిగిందంటే నీళ్ళన్నీ పిల్లల పరుపుల మీదే. వచ్చే నెల నేనే వచ్చి చూస్తా.

ఇక్కడ ఒకటే వాన. రేకుల మీద ఆ మోత వింటుంటే మన తొలి రోజులు గుర్తొస్తున్నాయి. నువ్వు మొదటిసారి రెంచి పట్టినప్పుడు తలకిందులుగా పట్టావు. వీడు పనికొస్తాడా అని మీ అక్క అడిగింది. నీ తమ్ముడు గనక పనికిరాకపోయినా పనికొస్తాడులే అన్నాను. ఆ రోజు నువ్వు పెట్టుకున్న మొహం ఇప్పటికీ కళ్ళ ముందుంది. వార్డెన్ గడియారం నడుస్తోందా? ఆ కిర్రుమనే తలుపు బాగుచేశావా? పిల్ల రెండో అంతస్తులోనే ఉంది గదా, మళ్ళీ పైకి పోతానని గోల చెయ్యలేదు గదా? దాని గురించి రాయి. మిగతావన్నీ నేనొచ్చాక చూద్దాం.

బావ


హాస్టల్ పంపు గది
ఆగస్టు 17

బావా,

ఈ ఉత్తరం చదివి, నేను పొరపాటు పడ్డానని ఒక్క మాట రాయి. నన్ను గాడిదా అని తిట్టు. సంతోషంగా పడతాను.

నిన్న నాలుగో అంతస్తు వరండాలో పైకప్పు కారి సీలింగు పలక ఒకటి ఉబ్బింది. మార్చడానికి నిచ్చెన వేసుకుని పలక తీసి లోపల చెయ్యి పెట్టాను. పైపు తగలాల్సిన చోట ఏమీ తగల్లేదు. టార్చి వేశాను. స్ప్రింక్లరు వెనక జానెడు పైపు ముక్క ఉంది, దాన్ని సీలింగు చట్రానికి ఇనుప తీగతో కట్టారు. పై చివర తెరిచే ఉంది. దాని నోట్లో దుమ్మూ, చచ్చిన పురుగులూ. పక్క పలక తీశాను, అదీ అంతే. పిల్లలు క్లాసుల్లో ఉన్నంతసేపూ బూజు దులుపుతున్నట్టు నటించి ఇరవై రెండు పలకలు తీశాను. ఇరవై రెండూ అంతే. మెట్ల దగ్గర్నుంచి చూస్తే, కింద నుంచి వచ్చే పెద్ద పైపుకి వాల్వు ఉంది, గేజి ఉంది, దాని తరవాత మూరెడు పైపు, దాని చివర మూత. ఆ మూత వెనక నిలిచిన నీళ్ళకే ముల్లు ఏడు చూపిస్తోంది. పైన పటారం లోన లొటారం అంటారే, అది కళ్ళతో చూశాను. నాలుగో అంతస్తుకి నీళ్ళు లేవు బావా. ఏనాడూ లేవు.

వార్డెన్ పైనుండే సూపరింటెండెంటు ఆఫీసుకి వెళ్ళి, పాత ఫైలు కావాలని ఏదో చెప్పి తీయించాను. నాలుగో అంతస్తు పరీక్ష కాగితం ఉంది. ఇంత ఒత్తిడి, ఇన్ని నిమిషాలు, అంతా బాగుంది అని అంకెలు నీ చేతిరాత. కింద సంతకం నాది.

మన పనిలో అలవాటే గదా. పరీక్ష రోజు మోచేతుల దాకా తడి, ఆ చేతులతో కాగితం ముట్టుకుంటే సిరా కారిపోతుంది. అందుకని ముందు రోజే పొడి చేతులతో ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టేసి ఉంచుతాం, అంకెలు తరవాత ఎవరో ఒకరు నింపుతారు. మీ ఇంట్లో కూర్చుని నాలుగింటి మీదా పెట్టాను, నువ్వు పక్కనే ఉన్నావు. మర్నాడు మూడు అంతస్తులు నా చేతులతో చూశాను. నాలుగో దానికి ఎక్కబోతుంటే మా ఆవిడకి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. "నువ్వు పోరా, నాలుగోది నేను చూసుకుంటా" అని నన్ను నువ్వే గేటు దాకా తోశావు. ఆ మాటని ఎంతమందికి చెప్పుకున్నానో తెలుసా? పుట్టిన పిల్లాణ్ణి చేతుల్లోకి తీసుకున్నప్పుడు కూడా, మా బావ పంపబట్టి వచ్చాను అన్నాను.

ఏం జరిగిందో చెప్పు. నువ్వు చెప్పేదాకా ఎవరికీ చెప్పను.

బక్కోడు


కొత్త సైటు, రేకుల షెడ్డు
ఆగస్టు 26

బక్కోడా,

దాచి లాభం లేదు. నువ్వు చూసింది నిజమే.

నువ్వు కింది మూడంతస్తుల పనిలో ఉన్నావు గనక నీకు తెలియదు, ఆ నెల నాలుగో అంతస్తుకి రావాల్సిన పైపులు రాలేదు. సీలింగు వేసేవాళ్ళు నెత్తి మీద కూర్చున్నారు. ప్రారంభానికి తారీకు పెట్టేశారు, పిలుపులు వెళ్ళిపోయాయి. ముందు పైకి కనబడేట్టు బిగించెయ్, ప్రారంభం అయ్యాక ఒక ఆదివారం వచ్చి లోపల కలిపేద్దాం అన్నాడు కాంట్రాక్టరు. ఒక్క ఆదివారం పనే గదా అనుకున్నాను. తరవాత పిల్లలు చేరిపోయారు. తరవాత నన్ను ఫోర్‌మన్‌ని చేసి ఇక్కడికి పంపారు. ఆదివారాలు పోతూనే ఉన్నాయి. నేనేం పండగ చేసుకోలేదురా, నాకూ గుండెల్లో రాయి పడే ఉంది.

ఇప్పుడు నువ్వు తొందరపడకు. వచ్చే నెల ఐదో తారీకుకల్లా నలుగురిని వెంటబెట్టుకుని వస్తా. సీలింగు మరమ్మతని చెప్పి మూడు రోజుల్లో లైను కలిపేస్తాం. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. పడేది నా కాళ్ళ మీద ఒక్కటే కాదు, మీ అక్క కాళ్ళ మీద, నీ కాళ్ళ మీద కూడా. ఆ కాగితం మీద ఉన్నది నీ సంతకం. నా పేరు ఎక్కడా లేదు. బెదిరించడం లేదు, నీ మంచికే చెబుతున్నా.

బావ


హాస్టల్ పంపు గది
సెప్టెంబర్ 1

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

పైపులు రాలేదు, సరే. సీలింగు వాళ్ళు ఆగలేదు, సరే. రెండేళ్ళు నోరు మూసుకున్నారు, దానికి కూడా మీ తరఫున నేనే ఏదో సాకు వెతుక్కుందామని చూశాను. మీ మీద నాకున్న గురి అలాంటిది. కానీ నిన్న మధ్యాహ్నం మీ కూతురు మెట్లెక్కడం చూశాను. రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కుతోంది. మోకాళ్ళు ఎలా ఉన్నాయమ్మా అని అడిగాను. "నా మోకాళ్ళకేంటి మామయ్యా, స్కూల్లో పరుగు పందెంలో ఎప్పుడూ నేనే ఫస్టు" అంది.

పంపు గదికి దిగి మీ జూన్ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను.

మర్చిపోయినవాడు కూతుర్ని కిందికి దించమని రాయడు. జూన్‌లో నా మొదటి ఉత్తరంలో నాలుగో అంతస్తు అన్న మాట చూడగానే మీకు భయమేసింది. పన్నెండు రోజుల్లో జవాబు రాశారు. మీ పిల్ల ఒక్కతీ దిగితే మీకు చాలింది. ఆ మంచం మీదికి ఇంకెవరి పిల్లో ఎక్కుతుందని మీకు తట్టలేదా, తట్టినా పట్టలేదా? కాకిపిల్ల కాకికి ముద్దు, కాదనను. కానీ దించింది నా చేతులతో దించారు. సంతకం నాతో పెట్టించారు, మంచం నాతో మార్పించారు. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే వినడమే గానీ, ఆ గుడ్డ నేనే తడిపి ఇస్తానని అనుకోలేదు. మీరు నాకు పని నేర్పిన మనిషి. నాన్న పోయాక నేను తలెత్తి చూసింది మిమ్మల్నే. నాకు ఏడుపొస్తోంది, కోపం కంటే ఎక్కువగా.

ఐదో తారీకు దాకా ఆగుతాను. అక్క మొహం చూసి ఆగుతున్నాను అని రాయబోయాను. అది పూర్తి నిజం కాదు. కాగితం మీద నా సంతకం చూసుకుని నాకూ భయమేసింది. ఇంట్లో రెండేళ్ళవాడున్నాడు.

నాలుగో అంతస్తు వరండా పొడుగునా ఇసుక బకెట్లు పెట్టాను. అక్కడ ఇస్త్రీ పెట్టెలు వాడనివ్వొద్దని వార్డెన్‌ని అడిగాను. మిగతా మూడంతస్తులకి లేని నియమం వీళ్ళకే ఎందుకంది. వంగి బకెట్టులో ఇసుక సర్దాను. ఎందుకో చెప్పలేనివాడివి అడగడం ఎందుకయ్యా అని నవ్వి వెళ్ళిపోయింది.

మీ బావమరిది


కొత్త సైటు, రేకుల షెడ్డు
సెప్టెంబర్ 6

బక్కోడా,

ఎప్పుడూ లేనిది మీరు అని రాశావు. నాలుగు బూతులు తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

ఐదుకి రాలేకపోయాను. ఇక్కడ పంపులు బిగించే పని నడుస్తోంది, ఇంజనీరు కదలనివ్వడం లేదు. పదిహేనుకి తప్పకుండా వస్తా, మాటంటే మాట. రెండేళ్ళుగా ఏమీ కాలేదు, పది రోజుల్లో ఏమవుతుంది. నోరు జారకు.

బావ


జిల్లా ఆసుపత్రి, కాలిన గాయాల వార్డు బయట
సెప్టెంబర్ 14

బావగారికి,

మీరు పదిహేను అన్నారు. మంట పన్నెండునే వచ్చింది.

పొద్దున పదిన్నర. మూల గదిలో ఇద్దరు పిల్లలు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటే కరెంటు పోయింది. క్లాసుకి ఆలస్యమవుతోందని పెట్టెని పరుపు మీదే వదిలేసి పరిగెత్తారు. కాసేపటికి కరెంటు వచ్చింది. మూడో మంచం మీద, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కిటికీ పిల్ల ముసుగుతన్ని నిద్రపోతోంది. అది మీ కూతురి మంచం.

కేకలు విని నేను పైకి వెళ్ళేసరికి వరండా అంతా పొగ. నాలుగో అంతస్తులో నీళ్ళు లేవని నాకు తెలుసు గనక మూడో అంతస్తు మెట్ల దగ్గరున్న రబ్బరు గొట్టం లాక్కుంటూ ఎక్కాను. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకంటే ముందు పక్క గది పిల్లలు ఇద్దరు వచ్చి ఆ గది గుమ్మంలో నిలబడి సీలింగు వంక చూస్తున్నారు. నేను చెప్పాను గదా నీళ్ళు వాటంతట అవే వస్తాయని, వాటి కోసం చూస్తున్నారు.

గాజుగొట్టం పగిలింది బావగారూ. నేను మెట్ల మీద ఉండగానే టప్పుమని వినబడింది. అది చెయ్యాల్సిన పని అది చేసింది. దాని వెనక నుంచి గుప్పెడు దుమ్ము రాలింది.

ఆ పిల్ల లేచి, పారిపోకుండా, కాలుతున్న పరుపుని చేతులతో చుట్టి కిటికీలోంచి తోసెయ్యాలని చూసింది. ప్రాణానికి ఫరవాలేదన్నారు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. వేళ్ళు మళ్ళీ వంగుతాయో లేదో, సూది పట్టుకోగలదో లేదో ఆరు నెలలు పోతే గానీ చెప్పలేమంటున్నారు పెద్ద డాక్టరు. నర్సు కావాలని వచ్చిన పిల్ల. వాళ్ళమ్మ నిన్న వచ్చింది. కూతుర్ని భుజాన వేసుకుని దింపింది నేనేనని ఎవరో చెప్పారట, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ క్షణం భూమి నోరు తెరిస్తే అందులోకి పోయేవాణ్ణి.

అదే మధ్యాహ్నం సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. పైపులు లేవనీ, కాగితం మీద సంతకం నాదేననీ, ఆ పరీక్ష నేను చెయ్యలేదనీ, ఎవరూ చెయ్యలేదనీ. నాలుగో అంతస్తు పిల్లలందరినీ ఆ సాయంత్రమే కింద చదువుకునే హాల్లోకి మార్చారు. ఒక్క పూట పట్టింది. నేను ఆ పలక తీసిన రోజు నుంచి మంట వచ్చిన రోజుకి ఇరవై ఏడు రోజులు. రెండేళ్ళు మీవి. ఈ ఇరవై ఏడు రోజులూ నావి, వాటిని మీ మీదికి తోయను.

మీ కూతురికి ఇంకా అంతా తెలియదు. రోజూ క్లాసు అయ్యాక ఇక్కడికి వచ్చి ఆ పిల్లకి తల దువ్వుతోంది, స్పూనుతో తినిపిస్తోంది.

మీ బావమరిది


కొత్త సైటు
సెప్టెంబర్ 23

బక్కోడా,

పిల్ల సంగతి చదివి రెండు రోజులు ముద్ద దిగలేదు. నమ్మితే నమ్ము.

నిన్న ఇక్కడికి కూడా విచారణకి ఇద్దరు వచ్చారు. నాలుగో అంతస్తు గురించి అడిగారు. నాకేమీ తెలియదన్నాను. సంతకం పెట్టినవాణ్ణే అడగండన్నాను. వేరే దారి లేదురా. నేను మునిగితే అందరం మునుగుతాం, నువ్వయితే ఏదో కుర్రతనం అని వదిలేస్తారు. నీ ఉద్యోగం పోయినా నిన్నూ నీ పిల్లాణ్ణీ నేను చూసుకుంటా. ఇన్నేళ్ళూ చూసుకోలేదా?

నువ్వు నాకు రాసిన ఉత్తరాలు ఐదూ ఈ కవరులో వెనక్కి పంపుతున్నా. నావి నీ దగ్గరున్నాయి. అన్నీ కలిపి, దీనితో సహా, పొయ్యిలో పెట్టెయ్. కాగితం లేకపోతే నీ మాట మీద నా మాట, అంతే. నువ్వు ఏనాడూ నా మాట కాదనలేదు. ఈ ఒక్కసారి కూడా కాదనకు.

మీ అక్కకి నచ్చచెప్పుకోగలను. పిల్లకి మాత్రం తెలియనివ్వకు. దాని ముందు తల దించుకుని నేను బతకలేను.

బావ


హాస్టల్ పంపు గది
అక్టోబర్ 3

బావగారికి,

కవరు అందింది. నన్ను పనిలోంచి ఆపేశారు. ఇవాళ తాళాలు ఇచ్చేస్తాను. కేసు నా మీద కూడా ఉంటుందన్నారు, ఉండాలి కూడా. అక్కకి నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ ఏమందో నేను రాయను, మీతో ఆవిడే చెబుతుంది.

మీ ఉత్తరాలూ నావీ బల్ల మీద పెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. కాల్చేద్దామని ఒకసారి అనిపించింది. అబద్ధం ఆడను. మా ఆవిడ ఏమీ అడగకుండా అగ్గిపెట్టె తెచ్చి నా పక్కన పెట్టింది, మళ్ళీ కాసేపటికి తనే వచ్చి తీసుకుపోయింది. నాలుగో రోజు వాటిని సంచిలో వేసుకుని ఇక్కడికి వచ్చాను. విచారణ చేస్తున్న పెద్దాయన మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు.

మధ్యాహ్నం మీ కూతురు వచ్చింది. నా సంచిలో అన్నం డబ్బా కోసం చెయ్యి పెట్టి కవర్లు తీసింది. మీ చేతిరాత చూసి "నాన్న రాశాడా" అని నవ్వింది. లాక్కుందామని చెయ్యి చాపాను. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంకొకసారి ఇంకొకళ్ళ కోసం నోరు మూసుకోవడం నావల్ల కాలేదు.

పంపు పక్కన నేల మీద కూర్చుని మొదటి నుంచీ చదివింది. రెండు గంటలు పట్టింది. గడియారం జోకు దగ్గర నవ్వింది కూడా. తరవాత ఇక నవ్వలేదు. జూన్ ఇరవై ఒకటి నాటి మీ ఉత్తరం దగ్గర చాలాసేపు ఆగింది. అంతా అయ్యాక నన్ను ఒక్కటే అడిగింది. "నాన్న ఉత్తరం రాసినప్పుడు, మామయ్యా, ఆ అంతస్తులో ఇంకా నలభై తొమ్మిది మంది ఉన్నారని నాన్నకి తెలుసా?" తెలుసమ్మా అన్నాను.

తరవాత ఏడ్చిందో లేదో నాకు తెలియదు, నా వైపు వీపు పెట్టి కూర్చుంది. మీకు ఏమైనా రాస్తావా అని అడిగి తెల్ల కాగితం ఇచ్చాను. దాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ నాకే ఇచ్చేసింది.

మర్నాడు పెద్దాయన ఆ ఉత్తరాలు చూసి, నా సెప్టెంబర్ ఒకటి నాటి ఉత్తరం విడిగా పట్టుకుని, "ఇది పెడితే నీకే నష్టం, నీకు తెలిసి కూడా ఆగావని తేలుతుంది" అన్నారు. అన్నీ ఉండనివ్వండి అన్నాను. అప్పటికే తేదీల వరసలో పేర్చి, అంచులు కలిపి, ఒక్కో కాగితం మూల ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి ఉన్నాయి. ఇంత పొందికగా ఎవరు పెట్టారు అని ఆయన అడిగారు. మీ అమ్మాయేనని చెప్పాను.

ఇది పదకొండోది. ముందు ఆయన చదివి, తరవాత మీకు పంపుతారు.